నడుము ఎత్తు సున్నం

ఆ యేటి వానలకు ముందు మా వీధి నిప్పుకణికలా ఎర్రబడింది. నేల మీద కాదు, పటం మీద.

నా కోడలు పురపాలక కార్యాలయంలో చేరి అప్పటికి కొద్ది నెలలే అయింది. ఆమె పనిచేసే గది తలుపు మీద ‘భౌగోళిక సమాచార వ్యవస్థ’ అని బోర్డు ఉండేది. బడిలో పద్యాలకు ప్రతిపదార్థాలు చెప్పి చెప్పి విరమించినవాణ్ణి గనుక, మొదటిసారి దాన్ని చూసినప్పుడు లోపల జరిగే పనికంటే ముందు ఆ సమాసమే నన్ను ఆకట్టుకుంది. విగ్రహవాక్యం చెప్పబోతే కోడలు నవ్వి, అక్కడ ఎవరూ దాన్ని అలా పిలవరనీ, ‘మ్యాపుల రూము’ అంటే తప్ప ప్యూనుకు కూడా దారి తెలియదనీ చెప్పింది.

వేసవి చివర ఒక ఆదివారం ఆమె తన ల్యాప్‌టాపును కింది గదిలోకి తెచ్చి, మంచం మీద ఉన్న నా భార్యకు కనిపించేలా స్టూలు మీద పెట్టింది. తుంటి ఎముక విరిగి నా భార్య అప్పటికి ఏడాదిగా మంచానికే పరిమితమై ఉంది. మా ఇంటికి పై అంతస్తు లేకపోలేదు. కాని దానికి వెళ్లే మెట్లు ఇనుపవి, మెలికలు తిరిగినవి. మనిషి ఒంటరిగా ఎక్కడమే ఒక సాధన. మరొకరిని మోసుకుని ఎక్కడం మానవమాత్రుల వల్ల కాదు. అందువల్ల వీధివైపున్న ఆ కింది గదే ఆమెకు లోకమంతా.

తెర మీద ఊరు పరచుకుని ఉంది. పొర మీద పొరగా పటాలను పేర్చవచ్చునని కోడలు వివరించింది. అడుగున నేల ఎత్తుపల్లాలు, దాని మీద రోడ్లు, వాటి మీద కాలువలు, అన్నిటికీ పైన ప్రజల ఫిర్యాదులు. నీళ్లు నిలిచాయని ఎవరు ఫోను చేసినా, అర్జీ పెట్టినా ఆ చోట ఒక ఎర్రచుక్క పడుతుంది. మునుపు ఫిర్యాదులు ఒక గదిలో, కాలువల సంగతి మరొక గదిలో, చెత్తబండ్ల సంగతి ఇంకొక గదిలో ఉండి, ఎడమొగం పెడమొగంగా కాపురం చేసేవట. ఇప్పుడు అన్నీ ఒకే తెర మీద ముఖాముఖి కూర్చున్నాయి. చెత్తబండి డ్రైవరొకడు రోజూ ఒక సందును ఎగ్గొట్టి ఆ సమయాన్ని టీకొట్టు ముందు గడుపుతున్నాడని పటమే పట్టించిందని చెప్పి, కోడలు నా భార్యను నవ్వించింది.

మన వీధేదని నా భార్య అడిగింది. కోడలు వేలితో చూపింది. చుక్క పక్కన చుక్క పడి, తట్టు పోసిన బిడ్డ వీపులా ఉంది మా వీధి.

అందులో అధికభాగం నా కలం చలవే. వీధిలో ఎవరి గుమ్మం ముందు నీళ్లు నిలిచినా, దీపం వెలగకపోయినా నా దగ్గరికే వచ్చేవారు. నేను రాసిన అర్జీలో కర్త, కర్మ, క్రియ తమ తమ పీటల మీద కూర్చునేవి. ఉపమానం లేని అర్జీ నా చేతి నుంచి వెలువడేది కాదు. మా వీధిలోని జలరాశి అగస్త్యుని రాకకై నిరీక్షిస్తున్నదని ఒకసారి రాస్తే, ఆ ఋషి ఏ సెక్షనులో పనిచేస్తాడని గుమాస్తా అడిగాడట. ఆ మాట మోసుకొచ్చినవాడు పక్కింటి ప్లీడరు. ఆ ఆదివారం కూడా ఆయన సమయానికి ఊడిపడి, తెరను తేరిపార చూసి, "మాస్టారూ, ఇది మీ కలం కక్కిన నెత్తురు. ఒక్క బొట్టు వృథా పోలేదు" అన్నాడు.

ఆయన దగ్గర ఒక కబురు కూడా ఉంది. వానలు పడేలోగా ఊళ్లో ఒక్క పెద్ద కాలువకే పూడిక తీయగలరట. నీళ్లు తోడే మోటార్లు కూడా అక్కడే పెడతారట. పటంలో ఎక్కడ ఎక్కువ ఎరుపుంటే అక్కడికే అని కమిషనరు నిర్ణయించాడట. వార్డు సమావేశంలో ఆ మాట ఖాయం కావడమే తరువాయి. మన కాలువే, మన మోటార్లే అని ప్లీడరు చేతులు రుద్దుకున్నాడు.

మా వీధి వాలు దిగితే ఒక వాడ వస్తుంది. పటం మీద ఆ వాడ కడిగి బోర్లించిన పళ్లెంలా తెల్లగా ఉంది. ఒక్క చుక్కయినా లేదు.

"మన చీమ ఉండేది అక్కడే కదూ. పోనీలే, వాళ్లయినా సుఖంగా ఉన్నారు" అంది నా భార్య.

కోడలు ఆ తెల్లటి చోటును పెద్దది చేసి చూస్తూ ఉండిపోయింది.

చీమ అంటే నా భార్యకు స్నానం చేయించి, పక్క మార్చి, తల దువ్వే మనిషి. ఒక చోట నిలవదు, తన బరువుకు మించి మోస్తుంది. అందుకని నా భార్య పెట్టిన పేరది. అలా పిలిస్తే కుడతానని బెదిరించేది. పిలవకపోతే ఆ పూటంతా మూతి ముడుచుకునేది. తెల్లవారితే ఆమె అడుగుల చప్పుడు వినబడాలి. వినబడకపోతే నా జపంలో అక్షరాలు తడబడేవి.

ఋతువు రాకముందే ఒకనాటి వేకువన పెద్ద వాన కురిసింది. మా వీధిలో నీళ్లు చీలమండల దాకా వచ్చాయి. ప్లీడరు తన స్కూటరును అరుగు మీదికి ఎక్కించి, వీధికంతటికీ వినపడేలా పురపాలకులను దీవించాడు. మధ్యాహ్నానికి నేల ఆరిపోయింది. చీమ మాత్రం ఆ రోజు రాలేదు.

మర్నాడు వచ్చింది. వేళ్ల కొనలు తెల్లగా పొక్కి ఉన్నాయి. నా భార్య ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని ఏమైందని అడిగితే, బట్టల సబ్బు పడలేదంది. కోడలు ఆఫీసుకు బయలుదేరబోతూ గుమ్మంలో ఆగి, మీ వైపు నీళ్లేమైనా వచ్చాయా అని అడిగింది.

"మా వైపా? చుక్క లేదు చిన్నమ్మగారూ. మాది మహా పొడి నేల."

అలా అన్న మనిషి, నా భార్య తల దువ్వుతూ దువ్వుతూ, దువ్వెన చేతిలో ఉండగానే గోడకు ఆనుకుని నిద్రపోయింది. ఆమె కూర్చోవడమే మేము అంతకు మునుపు చూడలేదు. లేపవద్దని నా భార్య కళ్లతోనే చెప్పింది. సగం దువ్విన జుట్టుతో అలాగే కదలకుండా పడుకుంది.

ఆ సాయంత్రం కోడలు తన అనుమానం బయటపెట్టింది. ఎత్తుపల్లాల పొర ప్రకారం ఆ వాడ ఒక గిన్నె. మా వీధిలో మధ్యాహ్నానికి మాయమయ్యే నీళ్లు ఆ గిన్నెలోకి దిగి తీరాలి. అయితే యంత్రమైనా తప్పు చెబుతూ ఉండాలి, మనుషులైనా చెబుతూ ఉండాలి.

"నీళ్లకు అబద్ధం రాదు మామయ్యగారూ. పల్లం కనిపిస్తే పోతాయి, అంతే" అంది.

చూసి వస్తానని ఆమె బయలుదేరిన రోజున మా అబ్బాయి ఫ్యాక్టరీ డ్యూటీలో ఉన్నాడు. మెడలో ఆఫీసు కార్డు వేలాడే ఒంటరి ఆడపిల్లను చూసి బెదిరేవాళ్లు, పక్కన గొడుగు పట్టుకున్న ముసలివాడు ఉంటే కాస్త నెమ్మదిస్తారని నేనూ వెంట నడిచాను. నా అంచనా తలకిందులయింది. కార్డుకంటే నన్ను చూసే ఎక్కువ జంకారు. అర్జీల మాస్టారు వస్తున్నారన్న మాట మాకంటే ముందు నడిచింది. ఒక్కొక్క తలుపూ సగానికి మూసుకుంది.

ఇస్త్రీ చేసే అతను బండి దగ్గర నుంచి కదల్లేదు గనుక కోడలు అతన్నే అడిగింది. అతను పెట్టె ఎత్తకుండానే బదులిచ్చాడు.

"నీళ్లా? తాగడానికే రావడం లేదండీ, నిలవడానికి ఎక్కడివి?"

ఎదురింటామె, వాన తమ వాడ దాకా వచ్చి మొహమాటపడి పక్కకు తప్పుకుంటుందని చెప్పింది. అందరూ నవ్వారు. అందరూ ఒకేసారి నవ్వు ఆపారు కూడా.

చీమ ఇంటి ముందు ఆమె అత్తగారు రాతి పలక మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోతే వద్దని వారించి, అలసట తీరడానికి గోడకు చేరగిలబడ్డాను. లేచేసరికి నా చొక్కా భుజమంతా తెల్లబడింది. పచ్చి సున్నం. కోడలు దాన్ని దులపబోయి, మధ్యలో చెయ్యి ఆపేసింది.

నేనూ అప్పుడే చూశాను. గోడకు నడుము ఎత్తు వరకే సున్నం ఉంది. ఆ పైనంతా ఏళ్లనాటి బూడిదరంగు. పక్కింటికీ అంతే, ఎదురింటికీ అంతే. సందు పల్లమైన చోట ఆ తెల్లపట్టీ వెడల్పయింది, నేల ఎత్తయిన చోట సన్నబడింది. దాని పై అంచు మాత్రం వాడ ఈ చివర నుంచి ఆ చివరకు దారం లాగి కట్టినట్టు సమంగా సాగిపోయింది. మరకను కప్పడానికి పూసిన సున్నం, మరక ఎక్కడి దాకా వచ్చిందో అక్కడి దాకానే ఉంది. కొద్దిపాటి సున్నంతో అన్ని గోడలూ కప్పుకోవాలి గదా. అంతకు మించి పూయడానికి ఎవరి దగ్గర ఉంది?

కోడలు సంచిలోంచి కొలతటేపు తీసింది. ఏమనుకుందో, మళ్లీ లోపల పెట్టేసి ముసలామె పక్కన కూర్చుంది.

"పెద్దమ్మా, సున్నం ఎప్పుడు వేశారు?"

"మొన్న నీళ్లు తీసిన..." అని ముసలామె నాలుక కరుచుకుంది.

లోపలి నుంచి చీమ వచ్చింది. అత్తగారిని లోపలికి పొమ్మంది. మా ఇంట్లో ఒక్క క్షణం నిలవని మనిషి, తన గుమ్మంలో తలుపుకు అడ్డంగా, రాయిలా నిలబడి చెప్పింది. ఆమె పుట్టిల్లు ఊరికి అవతల కొసన ఇలాంటి వాడలోనే ఉండేదట. నీళ్లొస్తున్నాయని వాళ్లు మొరపెట్టుకున్నారట. అధికారులు వచ్చి సానుభూతిగానే అంతా విన్నారట, పటం గీసుకున్నారట. తరువాత గోడగోడకూ ఎర్రగీత గీసి, ఇది మనుషులు ఉండదగిన చోటు కాదని తేల్చి, పనికి పోయి రావడానికి బస్సయినా లేని చోటికి తరలించారట. వాళ్లమ్మ అక్కడే పోయిందట.

"నీళ్లొస్తే ఎత్తిపోసుకుంటాం చిన్నమ్మగారూ. ఇల్లు పోతే ఏం ఎత్తిపోసుకోను? మమ్మల్ని మాత్రం పటంలో పెట్టకండి."

కోడలు ఆమెకు మాట ఇవ్వలేదు, ఇవ్వనని కూడా అనలేదు. ఇద్దరం వాలు ఎక్కి ఇంటికి వచ్చాం.

తరువాతి దినాల్లో కోడలి కంచంలో మెతుకులు మిగిలిపోవడం నా భార్య గమనించింది. ఆ నేలను ఖాళీ చేయించాలని కాచుకుని ఉన్నవాళ్లు ఆఫీసులోనే ఉన్నారట. నీటి లోతులు ఇంటింటికీ గుర్తు పెడితే వాళ్ల చేతికి కత్తి ఇచ్చినట్టు. పెట్టకపోతే పూడికపని, మోటార్లు మా వీధికి వస్తాయి. అసలు వానలు మొదలైతే ఆ గిన్నె నిండుతుంది. అక్కడ మంచం దిగలేని ముసలివాళ్లున్నారు, పసివాళ్లున్నారు.

"తెల్లగా వదిలేసినా, అదీ నేను వేసిన రంగే కదా" అంది ఒకసారి.

సత్యాన్ని గురించి పెద్దలు చెప్పినవి నాకు చాలావరకు కంఠస్థం. ఆడి తప్పని రాజుల కథలు, ప్రాణి హింస కలిగించే నిజం కంటే మౌనం మేలన్న మునుల కథలు ఆమెకు వరుసగా వినిపించాను. చేతులు కట్టుకుని భక్తిగా విన్నది. చివరకు, "అంటే పెట్టమంటారా, వద్దంటారా మామయ్యగారూ?" అని అడిగింది. ఆ మహానుభావులందరూ పలికేవాడి ధర్మం చెప్పారే గాని, గీసేవాడి ధర్మం విడిగా చెప్పినట్టు నాకు గుర్తు రాలేదు. ఆ రోజు నా ప్రార్థనలో అడిగింది అదొక్కటే: ఈ పిల్లకు దారి చూపించు తండ్రీ, నా దగ్గర ఉన్నవి కథలే.

దారి ఆమెకే దొరికింది. ఒకనాడు భోజనానికి ఇంటికి వచ్చిన మనిషి, చెయ్యి కడగకుండానే ల్యాప్‌టాపు తెరిచింది. ఇళ్ల పొరను తీసేసింది. ఫిర్యాదుల పొరనూ తీసేసింది. నేల మిగిలింది, నీళ్లు మిగిలాయి. మా గుమ్మం ముందు ఒక చినుకు పడితే ఎటు పోతుందో చెప్పమని యంత్రాన్ని అడిగింది. నీలిగీత ఒకటి మా వీధి వాలు దిగి వాడలోకి పాకింది. పై వీధి నుంచి ఒకటి, మార్కెట్టు వైపు నుంచి మరొకటి వచ్చి దానితో కలిశాయి. కలిసిన నీరు వాడ దాటి, పెద్ద రోడ్డు కిందున్న తూము దగ్గరికి చేరి అక్కడ ఆగిపోయింది. ఆమె పొద్దున్నే పోయి ఆ తూమును చూసి వచ్చిందట. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మిగిలిన రాళ్లూ మట్టీ దాని నోట్లో కుక్కి పోయారు. చెయ్యి దూరేంత సందు మాత్రమే మిగిలింది.

"గిన్నెది కాదు తప్పు. గిన్నెకున్న కంత మూశారు" అంది.

అప్పుడు చీమను పిలిచి తెర ముందు కూర్చోబెట్టింది. చీమ చాలాసేపు వెతికింది.

"మా ఇల్లేది?"

"లేదు. ఎవరి ఇల్లూ లేదు. తీసేశాను."

"మరి ఈ గీత?"

"మా గుమ్మం ముందు నుంచి పోయే నీళ్లు."

చీమ ఆ గీత వెంట వేలు పోనిచ్చింది. వాడ దాకా వెళ్లి ఆగింది. నా భార్య వైపు తిరిగి, "చూశారా అమ్మగారూ, మీ నీళ్లు రోజూ నాకంటే ముందే మా ఇంటికి చేరి పని మొదలుపెడుతున్నాయి. అదీ జీతం లేకుండా" అంది.

నా భార్య నవ్వింది గాని, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

అయితే గీతలు చాలవని కోడలు దాచకుండా చెప్పింది. యంత్రం వేసిన ఊహను ఇంజనీర్లు రంగుల బొమ్మ అంటారు. నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో అక్కడ ఉన్నవాళ్లు చెప్పాలి, గోడ మీద కొలవనివ్వాలి. చీమ లేచి, నా భార్యను పక్కకు తిప్పే వేళయిందంది.

సమావేశానికి మా వీధి పెళ్లివారిలా తరలింది. ఇన్నేళ్ల అర్జీలకు మకుటం లాంటిది రాసి, స్వయంగా చదవాలని ప్లీడరు నన్ను కోరి ఉన్నాడు. రాశాను, బాగానే కుదిరింది. బయలుదేరేముందు నా భార్య దగ్గర కూర్చుని, దాన్ని చదవబోవడం లేదని చెప్పాను. మా కాలువకు ఈ యేడు పూడిక తీయకపోతే నీళ్లు ఈ గదిలోకి చీలమండ దాకా రావచ్చునని కూడా చెప్పాను. ఈ ఇంట్లో మెట్లు ఎక్కలేనిది ఆమె ఒక్కతే. ఆమెను అడగకుండా నేను నోరు తెరవడం ధర్మం కాదు.

ఆమె తల వంచి మంచం కాళ్లను చూసింది.

"చీలమండ దాకానేగా. మంచం అంతకంటే ఎత్తుగానే ఉందిగా. వెళ్లిరండి."

హాలులో గోడ మీద పటం వెలుగుతోంది. ముందు ఫిర్యాదుల పొరే చూపమన్నారు గనుక కోడలు అదే చూపింది. మా వీధి మండిపోతూ కనిపించింది. మావాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ తరువాత ఆమె అనుమతి అడిగి నీలిగీతలు చూపింది, తూము చూపింది. కమిషనరు చెడ్డవాడు కాదు, తొందరలో ఉన్నవాడు. ఇక్కడ ఇన్ని చుక్కలుండి అక్కడ ఒక్కటీ లేనప్పుడు, అడిగినవాళ్లను కాదని అడగనివాళ్లకు ఎలా చేయమంటారని అడిగాడు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు.

నేను లేచాను. మంచి ఉపమానంతో మొదలుపెట్టమని ప్లీడరు నా చెవిలో ఊదాడు. చిత్రమేమంటే ఆ క్షణాన ఒక్క ఉపమానమూ నా నాలుక మీదికి రాలేదు.

"అయ్యా, ఆ చుక్కల్లో చాలావరకు నేను రాసిన అర్జీలే. రాసిందంతా నిజమే. మా వీధిలో నీళ్లు చీలమండల దాకా వస్తాయి, మధ్యాహ్నానికి పోతాయి. ఎక్కడికి పోతాయో మా అమ్మాయి ఇప్పుడు చూపించింది. ముందు అక్కడ చూడండి. మా వీధి ఈ యేడు ఆగుతుంది."

వెనక నుంచి ఎవరో, ఆగుతుందని చెప్పడానికి ఈయనెవరన్నారు. అది కూడా న్యాయమే. కమిషనరు, అక్కడ నీళ్లు ఎంత వస్తాయో చెప్పేవాళ్లున్నారా అని హాలును అడిగాడు.

తలుపు దగ్గర కదలిక వినబడింది. చీమ నిలబడి ఉంది. పక్కన ఆమె అత్తగారు, వెనక ఇస్త్రీ అతను, ఇంకా కొందరు. వాళ్లు ఎప్పుడు వచ్చారో మాకు తెలియదు. వస్తారని మాకెవరూ చెప్పలేదు.

"చెబితే మా గోడల మీద ఎర్రగీత పెడతారా అయ్యా?" అని అడిగింది.

కమిషనరు పటం దగ్గరికి నడిచాడు. ఇందులో ఇళ్లెక్కడ అని కోడలిని అడిగాడు. ఈ లెక్కలో ఇళ్లు లేవనీ, దారీ నీళ్లూ తూమూ మాత్రమే ఉన్నాయనీ, లోతు కూడా దారి మీదనే గుర్తు పెడతాననీ ఆమె చెప్పింది. అతను తూము దగ్గర వేలు పెట్టాడు.

"గీత పెట్టాల్సింది దీనికి. మీ గోడలకు కాదు. ఇంతమంది ముందు చెబుతున్నాను."

చీమ అరచెయ్యి బల్లపరుపుగా చాచి తన నడుముకు ఆనించింది. ఆమె పక్కన ముసలామె కూడా చెయ్యి చాచి తన రొమ్ముకు ఆనించుకుంది. అవే నీళ్లు, మనిషి పొట్టి.

కోడలు తల దించుకుని ఏదో రాసుకుంది.

మర్నాడు వాడలో కొలతలు పట్టారు. టేపు ఒక కొస కోడలి చేతిలో, మరొక కొస ఇస్త్రీ అతని చేతిలో. సున్నం పై అంచున పెన్సిలుతో చిన్న చిన్న గుర్తులు పెట్టారు. వాటిని ఎవరూ చెరపలేదు. వారం తిరగకముందే తూము నోట్లోంచి రాళ్లు బయటికి వచ్చాయి. వాటి వెనక దారి చూపే పాత బోర్డు ఒకటి, ఒక మోటారు సైకిలు చక్రం, ఎవరిదో ఇనుప గేటు కూడా వచ్చాయట. మోటార్లు వాడ కొసన నిలిచాయి. ప్లీడరు నాతో మాటలు మానేశాడు. మా ఇంటికి రావడం మాత్రం మానలేదు. వచ్చి, నా ఎదుటే కూర్చుని, "అమ్మా, మాస్టారికి చెప్పండి, కాలువలో ఇప్పుడే ఒక కప్ప సంసారం పెట్టింది" అని నా భార్యతో చెప్పి వెళ్లేవాడు.

అసలు వానలు ఆలస్యంగా వచ్చాయి గాని, బాకీ పెట్టకుండా వచ్చాయి. ఒకనాడు పొద్దుటి నుంచీ ఆకాశానికి చిల్లుపడినట్టు కురిసింది. మా కాలువ పూడికతో నిండి ఉన్నందువల్ల ఎన్నడూ లేనంతగా నీళ్లు లేచాయి. గుమ్మం దాటాయి, గదిలోకి వచ్చాయి, నా చీలమండలు ముంచి ఇంకా పైకి పాకాయి. మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టాలని అబ్బాయీ నేనూ పెనుగులాడుతున్నాం.

"చీలమండ దాకానే అన్నారు. వ్యాకరణం తప్ప మీకు లెక్కలు రావని మా నాన్న అప్పుడే చెప్పాడు" అంది నా భార్య. ఆమె గొంతులో భయం ఉంది. నన్ను భయపెట్టకూడదని ఆ హాస్యం.

అప్పుడు చీమ వచ్చింది, ఇస్త్రీ అతన్ని వెంటబెట్టుకుని. అమ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టమంది. ఎక్కడికని అడిగితే, మా ఇంటికి, ఇంకెక్కడికి అంది. ఈ వానలో పల్లానికా అని నేను వెనకాడాను. అబ్బాయి కోడలికి ఫోను చేశాడు. ఆమె కార్యాలయంలో పటం ముందే ఉంది. మోటార్ల దగ్గర నుంచి, తూము దగ్గర నుంచి కబుర్లు ఆమెకు క్షణక్షణం అందుతున్నాయట.

"తూము నిండుగా పారుతోంది. వాడలో నీళ్లు నిలవలేదు. ఎడమవైపు సందులోంచి కాదు, మార్కెట్టు వైపు నుంచి దిగండి. అత్తయ్యను జాగ్రత్తగా పట్టుకోండి" అంది.

ఆ విధంగా, ఏడాదిగా గది దాటని నా భార్య కుర్చీ మీద, ముగ్గురి చేతుల్లో, నా గొడుగు కింద వాలు దిగింది. మేము దిగుతూంటే మా మోకాళ్ల దాకా వచ్చిన నీళ్లు తగ్గుతూ వచ్చాయి. వాడలో నేల తడిసి ఉంది. వానలో నేల ఎంత తడవాలో అంతే తడిసి ఉంది. సందు పక్కగా నీరు గలగలమని తూము వైపు పరుగెడుతోంది.

చీమ తన మంచం మీద నా భార్యను పడుకోబెట్టి, పొడి బట్టలు మార్చి, తల తుడిచింది. మేమందరం గోడవారగా కూర్చున్నాం. వాన మళ్లీ హోరెత్తింది. ముసలామె లేచి, గిన్నెలు ఒక్కొక్కటే అటక మీదికి ఎక్కించసాగింది. పిండి డబ్బా ఎక్కించింది, చుట్టచుట్టిన పరుపు ఎక్కించింది.

"అత్తా, ఇవాళ అక్కర్లేదు" అంది చీమ.

"నీకేం తెలుసు" అని ముసలామె పని ఆపలేదు.

చివరకు బిందె ఒక్కటి మిగిలింది. దాన్ని చంకన పెట్టుకుని గుమ్మం దగ్గరికి వెళ్లి సందులోకి చూసింది. నీళ్లు వస్తున్నాయి, పోతున్నాయి. గడప ఎక్కడం లేదు. ఆమె ఎదురుచూసింది. నేనూ నా జపం మరిచి ఆమెనే చూస్తూ ఉండిపోయాను. చాలాసేపటికి ఆమె నడుము వంచి, బిందెను నేల మీద పెట్టి, దాని పక్కనే చతికిలబడింది.

"ఈ వానకు ఇంత చప్పుడుందా అమ్మా" అంది నా భార్యతో. "ఇన్నేళ్లూ వినలేదు."

నా భార్య చీమను పిలిచి, తలుపు ఇంకొంచెం తెరవమంది.